పెద్దోళ్ళు బొమ్మలేసుకునే చోటు ఒకటి కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో పెద్దవాళ్ళ ఒంటరితనం గురించి వచ్చింది చదివినాను, బాగుంది. పిల్లలు బెంగుళూరో చెన్నైయో అమెరికానో పోతే ఇంట్లో మిగిలేవాళ్ళ సంగతి మా కొర్లగుంటలో ఏ వీధిలో చూసినా తెలుస్తాది. కానీ అందులో రాసిందంతా వాకింగు, యోగా, కౌన్సిలింగు... బొమ్మలు, పాటలు, నాటకం ఊసే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే మూడు వేలకి పైగా అధ్యయనాలు చూసి కళలు ఆరోగ్యానికి పనికొస్తాయని రిపోర్టు ఇచ్చింది, మళ్ళీ 2025 జూన్‌లో అదే సంస్థ ప్రతి 6 మందిలో ఒకరికి ఒంటరితనం ఉందనింది, ఈ రెండూ కలిపి ఆలోచించేవాళ్ళే కనపడరు.

మా అత్తమ్మ సంగతి చెప్తాను. మామయ్య పోయినాక ఆమె పొద్దస్తమానం టీవీ ముందర కూచునేది, చూసేది మాత్రం కాదు. తెలిసినవాళ్ళు చెప్తే శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒకామె ఇంటికి పిల్చకపోయినాను, ఊరికే చూసొద్దాం అని. ఆమె ఏమీ అడక్కుండా, కరక్కాయ కలిపిన పాలల్లో నానేసి ఎండబెట్టిన గుడ్డ ముక్క ఒకటి అత్తమ్మ ముందర పరిచేసింది. వెదురు పుల్లకి గుడ్డపేలిక చుట్టి దారంతో బిగించిన కలం, దాన్ని బెల్లం నీళ్ళల్లో ఇనప ముక్కలేసి రోజుల తరబడి ఊరబెట్టిన రంగులో ముంచి వేళ్ళతో నొక్కతా పోతే గీత దిగతాది. ముందు పల్చగా ఉంటాది, గుడ్డలో ఉండే కరక్కాయ తగిలి మనం చూస్తా ఉండంగానే నల్లబడతాది. అత్తమ్మ ఆ గీత వైపు చూసినట్టు టీవీని ఏనాడూ చూడలేదు.

ఇంకోతూరి పోయినప్పుడు అశోకవనం వెయ్యమన్నారు. సీతమ్మ పక్కన త్రిజటని పెట్టింది, త్రిజట చేతిలో ఆకువక్కల పళ్ళెం, ముక్కుకి మా పక్కింటామె మాదిరే పెద్ద ముక్కుపుడక! "రామాయణంలో ఆకువక్కలు యాడున్నాయత్తా" అంటే "అన్ని నెలలు ఆయమ్మ ఎవురితో మాట్లాడకుండా ఎట్లుంటాది, ఆకేసుకుంటా నాలుగు మాటలు చెప్పుకోనుంటారులే" అనింది. అక్కడుండే ఆడోళ్ళంతా నవ్వినారు, ఆమె కూడా.

నాకు అర్థమైందేమంటే ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు రాయల్ల, గుడ్డని రంగులో ఉడకేయల్ల, పారే నీళ్ళల్లో ఉతకల్ల, తడి గుడ్డ పట్టుకునేదానికి అటొకరు ఇటొకరు కావల్ల. రంగు మరకలైతే ఒకరినొకరు తిట్టుకుంటారు కూడా, అదీ మంచిదే. మహతి ఆడిటోరియంలో కచేరీకి అయితే ఒక్కరే పోయి చప్పట్లు కొట్టి ఒక్కరే రావచ్చు (కచేరీలు వద్దని కాదు, నేనూ పోతాను).

చిత్తూరు వైపు మా పుట్టింటి ఊళ్ళో భారతం జరిగేటప్పుడు కూడా ఇట్లే, 18 రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, ఇంట్లో ఒంటరిగా పడుండే ముసలోళ్ళు చాపలెత్తుకోని వచ్చి ద్రౌపదమ్మ కష్టాలకి ఏడ్చి, మధ్యలో వాళ్ళ కష్టాలు చెప్పుకునేవాళ్ళు.

ఇంకో సంగతి, కళ మందు అని నేను సులభంగా రాస్తా ఉండా గానీ కూలికి రోజంతా వంగి రంగులు నింపే ఆడవాళ్ళకి అది నడుము నొప్పి, వాళ్ళకి ముందు సరైన రేటు రావల్ల. అట్లే మనసు మరీ కుంగిపోయి నిద్ర, తిండి లేనివాళ్ళని బొమ్మలేసుకో అని వదిలేయకూడదు, డాక్టరు దగ్గరికి పిల్చకపోవాల్సిందే, మనసు బాగలేనోళ్ళు ఫోన్ చేసి మాట్లాడేదానికి ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం.

నేను అడిగేది చిన్నది. తిరుపతిలో కల్యాణ మండపాలు, కమ్యూనిటీ హాళ్ళు ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగానే పడుంటాయి, వారానికి రెండు మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకి ఇస్తే చాలు. కాళహస్తి నించి కళాకారుల్ని పిలిపించండి, సేవ అని చెప్పి ఉత్త చేతులతో పంపించకుండా డబ్బులిచ్చి పిలిపించండి, మేమూ తలా కొంత వేసుకుంటాం. కమిషనర్ గారో ఎవరో మనసు పెడితే ఒక నెలలో అయ్యే పని. మేడ మీద రూము మాత్రం ఇవ్వొద్దండీ, మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు.

- ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి