అసాధ్యం అంటే అంత తేలిక కాదు

ఒరేయ్ శీనూ,

నీ అసాధ్యం కూలా! అంత పెద్ద వ్యాసం రాసి, మొదటి వాక్యంలోనే 'మధుమేహం అసాధ్య వ్యాధి' అని తేల్చేశావేమిట్రా? చదివినవాడు 'ఇంకెందుకులే' అని మాత్రలు మానేస్తే?

వైద్యంలో ఆ మాటకి 'ఏమీ చేయలేం' అన్నదొక్కటే అర్థం కాదు. చరక సంహిత సూత్రస్థానం 10వ అధ్యాయం చూడు. జబ్బులు సాధ్యం (నయమయ్యేవి), అసాధ్యం అని రెండు. సాధ్యం మళ్ళీ రెండు రకాలు: సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం (మనం కష్టసాధ్యం అంటామే, అది). అసాధ్యమూ రెండే: యాప్యం, ప్రత్యాఖ్యేయం. మనవాళ్ళు ఈ చివరిదొక్కటే పట్టుకుంటారు. కిటుకంతా యాప్యంలో ఉంది. 'కాలయాపన'లో ఉన్న ధాతువే ఇది: గడపడం, నెట్టుకురావడం. జబ్బు వేళ్ళతో సహా పోదు. మందూ పథ్యమూ సాగినన్నాళ్ళు అణిగి ఉంటుంది, మానితే తిరగబెడుతుంది. కూలబోయే ఇంటికి సరిగ్గా పెట్టిన ఊతంతో పోల్చాడు సుశ్రుతుడు. ఊతం పెట్టినంత మాత్రాన ఇల్లు కొత్తదవదు, తీస్తే మాత్రం నిలవదు.

ప్రత్యాఖ్యేయం అంటే వైద్యుడు 'నా వల్ల కాదు' అని చెప్పేయాల్సింది. చెప్పకుండా చెయ్యి పెడితే డబ్బూ విద్యా పేరూ పోతాయని చరకుడి హెచ్చరిక. (పోయేది వైద్యుడివేనా, రోగి మాటేమిటి అంటావు, తెలుసు!)

నిజానికి పాత లెక్కలో నీ వాక్యం తప్పేం కాదు. ప్రమేహాలు (మూత్రానికి సంబంధించిన జబ్బులు) 20: కఫం వల్ల వచ్చేవి 10 సాధ్యం, పిత్తం వల్ల వచ్చేవి 6 యాప్యం, వాతం వల్ల వచ్చేవి 4 అసాధ్యం, అంటే ఇక్కడ ప్రత్యాఖ్యేయం. మధుమేహం ఈ నాలుగింట్లోదే. కానీ 1922లో టొరంటోలో మొదటిసారి మనిషికి ఇన్సులిన్ ఇచ్చాక లెక్క మారింది. ఇప్పుడది అచ్చమైన యాప్యం. ఇక మనం కుష్ఠు అని పిలిచే జబ్బు బహుళ ఔషధ చికిత్సతో 6 లేక 12 నెలల్లో నయమవుతోంది. అది ఏకంగా సాధ్యంలోకి వచ్చి కూర్చుంది.

రేబిస్ సంగతి వేరు. కరిచిన వెంటనే పుండుని 15 నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి, టీకాలు సకాలంలో వేయిస్తే దాన్ని అడ్డుకోవచ్చు. లక్షణాలు బయటపడ్డాయా, ఇక దాదాపు ప్రత్యాఖ్యేయమే. నీళ్ళంటే భయాన్ని సుశ్రుతుడూ అరిష్టమనే (చావు సూచన అనే) అన్నాడు. అంటే జబ్బు పేరొక్కటే చూసి ఈ మాట తగిలించకూడదు, ఏ దశలో ఉందో కూడా చూడాలి.

అందుకని నీ వాక్యాన్ని 'పూర్తిగా నయం కాదు, అదుపులో పెట్టుకోవచ్చు' అని మార్చు. 'మందు లేదు' అనకు, మందు ఉంది. 'ప్రాణాంతకం' అనీ కలపకు: తాచు కాటు ప్రాణాంతకమే, వేళకి విరుగుడు పడితే సాధ్యం. బొల్లి మొండిది, ప్రాణం మాత్రం తీయదు.

ఇంకోటి, మూడో పేజీలో 'అసాధ్యులైన రోగులు' అని రాశావు. మన వాడుకలో అసాధ్యుడంటే గట్టివాడని పొగడ్త కదరా, దిద్దు!

నీ,
రాఘవ