తాడు వదలని స్పెషల్ పోలీసులకు మా కుటుంబం కృతజ్ఞతలు

ఈ దసరాల్లో మూలా నక్షత్రం రోజున, సరస్వతీదేవి అలంకారంలో ఉన్న కనకదుర్గమ్మను దర్శించుకోవాలని డెబ్బై రెండేళ్ల మా అమ్మను వెంటబెట్టుకుని గుంటూరు నుంచి విజయవాడ వచ్చాను. తెల్లవారకముందే వినాయకుడి గుడి దగ్గర క్యూలో చేరాము. కాసేపు ఆపిన క్యూను మళ్లీ వదిలేసరికి వెనకనున్న జనం ఒక్కసారిగా ముందుకు తోసుకురావడంతో అమ్మ కింద పడిపోయింది. ఎవరి కాలో పడి ఆమె మడమ దగ్గర చర్మం చీరుకుపోయింది. ఆమెను లేవదీద్దామంటే నాకు వంగడానికైనా చోటు లేదు.

అప్పుడు పక్కనే తాడు పట్టుకుని నిలబడిన ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసు జవాన్లకు వాళ్ల ఆర్‌ఎస్‌ఐ (రిజర్వ్ ఎస్సై) గారు ఒక్క కేక వేశారు. ఇరవై మంది ఒకేసారి జనానికి వీపు ఆనించి, చేతులు పెనవేసుకుని గోడలా నిలిచారు. ఒక్క లాఠీ కూడా పైకి లేవలేదు. వారిలో ఒకరు తాడు కింద నుంచి దూరి వచ్చి, "అమ్మా, నా మెడ పట్టుకోండి" అంటూ ఆమెను ఎత్తుకుని వైద్యశిబిరం దాకా మోసుకెళ్లారు. దారిలోనే తన జేబురుమాలు తీసి ఆమె మడమకు కట్టు కట్టారు.

మా అమ్మ పుట్టింది కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో. 1948 తరువాత కమ్యూనిస్టుల కోసం గాలింపులు సాగిన రోజుల్లో మలబారు పోలీసులు ఊళ్ల మీద పడిన సంగతులు మా అమ్మమ్మ నోట వింటూ ఆమె పెరిగింది. 1921లో కేరళలోని మలబారులో మాప్పిళ్ళ ముస్లింలు చేసిన తిరుగుబాటు సమయంలో మద్రాసు ప్రభుత్వం బలపరిచిన దళమది. మరుసటి ఏడాది అల్లూరి సీతారామరాజును పట్టుకోవడానికి దాన్నే మన్యానికి పంపారు. సైనిక పద్ధతిలో నడిచే పోలీసంటే మా ఇంట్లో పాతుకుపోయిన భయానికి కారణం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను.

నేటి స్పెషల్ పోలీసు బెటాలియన్లూ అమరికలో ఆ తరహావే. మంగళగిరిలో ఆరవ బెటాలియన్, కాకినాడలో మూడవది, కర్నూలులో రెండవది ఉన్నాయి. కమాండెంటు, కంపెనీ, ప్లటూన్, బ్యారక్ అన్నీ సైన్యం తీరులోనే ఉంటాయి. వీరికి పోలీసు స్టేషన్ ఉండదు. జిల్లా పోలీసుల బలం చాలనప్పుడు పిలిస్తే వచ్చి, బందోబస్తు ముగియగానే వెళ్లిపోతారు. గుంపును చెదరగొట్టాలా వద్దా అన్నది కూడా వారి ఇష్టానికి వదిలిన విషయం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 148వ సెక్షన్ ఆ ఆదేశాన్ని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకో, స్టేషన్ అధికారికో, ఆయన లేనప్పుడు కనీసం ఎస్సై స్థాయి అధికారికో అప్పగిస్తుంది.

ఆయుధం వల్లనే ఇలాంటి దళానికి విలువ అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ తెల్లవారుజామున మా అమ్మ ప్రాణం కాపాడింది వాళ్ల డ్రిల్లు. ఎవరికి తోచినట్టు వాళ్లు పరుగెత్తి ఉంటే, ఎంత మంచి మనసున్నవారైనా ఆ తొక్కిసలాటను ఆపగలిగేవారు కాదు. అంతే బలం, అంతే క్రమశిక్షణ చెడ్డ ఆదేశానికి లోబడితే ఏమవుతుందో మా అమ్మమ్మకు తెలుసు కనుకనే, లాఠీ లేపకుండా తాడు పట్టి నిలవమన్న ఆ ఆర్‌ఎస్‌ఐ గారికి ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను.

సొంత ఇళ్లలో పండుగ వదులుకుని వచ్చి, గంటల తరబడి నిలబడి కాళ్లు వాచిన ఆ జవాన్లందరికీ మా కుటుంబం రుణపడి ఉంటుంది. మా అమ్మను మోసిన సోదరుడి పేరు అడిగేలోపే ఆయన మళ్లీ తాడు దగ్గరికి వెళ్లిపోయారు. మర్నాడు వెళ్లి వెతికితే అక్కడ వేరే ప్లటూన్ ఉంది. నీలి అంచున్న ఆయన జేబురుమాలును అమ్మ ఉతికి, మడతపెట్టి, కుంకుమ పొట్లంతో పాటు దేవుడి అరలో ఉంచింది. ఈ మాటలు ఆయన కంట పడితే మా ఇంటికి భోజనానికి రావాలని, వచ్చినప్పుడు ఆ రుమాలు తానే చేతికివ్వాలని అమ్మ ఎదురుచూస్తోంది.