ఒకే డిష్‌కు రెండు మూడు టీవీలు: మా పని పద్ధతిలో మార్పు

మా దుకాణం ద్వారా డిష్ పనులు చేయించుకునే వారందరికీ నమస్కారం. విజయనగరం పట్టణం నుంచీ, నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి, భోగాపురం వైపు గ్రామాల నుంచీ మాకు వచ్చే "సిగ్నల్ లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే డిష్‌కు రెండు మూడు సెట్‌టాప్ బాక్సులు కలిపిన ఇళ్లవే. అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాము. ఇకపై డిష్ లైను మధ్యలో స్ప్లిటర్ (ఒక లైనును రెండు మూడుగా చీల్చే చిన్న డబ్బా) బిగించి రెండో టీవీ నడిపించే పనిని మేము ఒప్పుకోము. ఎన్ని బాక్సులుంటే అన్ని కేబుళ్లు, డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్‌ను పట్టి కిందికి దింపే ఎల్‌ఎన్‌బీ నుంచే విడివిడిగా దించుతాము. దీనివల్ల మీకు ఖర్చు పెరుగుతుందన్న సంగతిని దాచవలసిన అవసరం లేదు కనుక, ఆ ఖర్చు దేనికో కొంత వివరంగా చెబుతున్నాము.

స్ప్లిటర్ అలవాటు మనకు కేబుల్ టీవీ రోజుల నుంచి వచ్చింది. కేబుల్ లైనులో అన్ని ఛానెళ్లూ ఒకేసారి తీగలో ప్రవహిస్తుంటాయి కాబట్టి దాన్ని రెండుగా చీల్చినా, నాలుగుగా చీల్చినా బలం తగ్గడమే తప్ప వేరే చిక్కు రాదు; కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్లకు మేము ఇప్పటికీ స్ప్లిటర్ అమ్ముతాము, అది అక్కడ సరైన వస్తువే. డిష్ సంగతి అలా కాదు. ఉపగ్రహం తన తరంగాలను నిలువు, అడ్డం అనే రెండు రీతుల్లో పంపుతుంది. ఎల్‌ఎన్‌బీ ఒక్కో అవుట్‌పుట్ మీద ఒకసారికి వాటిలో ఒక రీతినే కిందికి దింపగలదు. ఏది దింపాలో దానికి చెప్పేది మీ ఇంట్లోని బాక్సే. మీరు ఛానెల్ మార్చినప్పుడు బాక్సు అదే కేబుల్ మీదుగా పైకి 13 వోల్టులు పంపితే నిలువు రీతి, 18 వోల్టులు పంపితే అడ్డం రీతి కిందికి వస్తాయి. యూనివర్సల్ రకం ఎల్‌ఎన్‌బీ అయితే దీనికి తోడు 22 కిలోహెర్ట్జ్ సంకేతం ఒకటి ఉంటుంది. అది ఉంటే పై బ్యాండు (ఫ్రీక్వెన్సీల గుంపు), లేకపోతే కింది బ్యాండు.

ఇప్పుడు ఇలాంటి లైనుకు స్ప్లిటర్ ద్వారా రెండు బాక్సులు తగిలిస్తే ఏమవుతుందో ఊహించండి. హాల్లో ఉన్న బాక్సు 13 వోల్టులు అడుగుతుండగా, పడకగదిలో ఎవరో 18 వోల్టుల ఛానెల్ పెడతారు. ఎక్కువ వోల్టేజీదే పైచేయి అవుతుంది కాబట్టి హాల్లో చూస్తున్న వార్తలు చటుక్కున ఆగిపోతాయి. పడకగదిలో ఛానెల్ మార్చగానే అవే వార్తలు తిరిగి వస్తాయి. ఒకే బండిని ఇద్దరు చెరో దారికి తోలినట్టుండే ఈ వ్యవహారాన్ని చాలామంది డిష్ కదిలిందనో, బాక్సు పాడైందనో అనుకుని మమ్మల్ని పిలుస్తారు. కొన్ని రకాల స్ప్లిటర్లు ఒక వైపు నుంచి మాత్రమే వోల్టేజీని పైకి పోనిస్తాయి; అప్పుడు ఆ వైపు బాక్సు ప్లగ్ తీసేస్తే రెండోది పూర్తిగా గుడ్డిదవుతుంది. చూసే ఛానెళ్లన్నీ ఒకే రీతిలో, ఒకే బ్యాండులో వచ్చే ఇళ్లలో స్ప్లిటర్ ఏళ్ల తరబడి పనిచేసిన మాట నిజమే. కంపెనీ ఛానెళ్లను అటూ ఇటూ మార్చిన రోజు ఆ సౌఖ్యం పోతుంది.

బలం లెక్క కూడా ఉంది. రెండు దారుల స్ప్లిటర్ దగ్గర ఒక్కో వైపుకు సగం శక్తి కన్నా కొంచెం తక్కువే వెళుతుంది, నాలుగు దారులదైతే పావు వంతు కూడా మిగలదు. పైగా కేబుల్ టీవీకని తయారైన చవక స్ప్లిటర్లు సాధారణంగా 1000 మెగాహెర్ట్జ్ వరకే సరిపోతాయి. ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి, అలాంటి డబ్బాలోంచి ఏ ఛానెల్ వస్తుందో ఏది రాదో అదృష్టం మీద ఆధారపడుతుంది.

అందువల్ల రెండు బాక్సులున్న ఇంటికి రెండు అవుట్‌పుట్‌ల ట్విన్ ఎల్‌ఎన్‌బీ, మూడు నాలుగు ఉన్న ఇంటికి నాలుగు అవుట్‌పుట్‌ల క్వాడ్ ఎల్‌ఎన్‌బీ వేస్తాము. వీటిలో ప్రతి అవుట్‌పుట్ దేనికదే స్వతంత్రం. లాడ్జీలకు, అపార్టుమెంట్లకు చాలా గదుల బాక్సులకు సిగ్నల్ పంచే మల్టీస్విచ్ అవసరం. అది కరెంటుతో నడుస్తుంది కనుక ఇన్వర్టర్ లైను మీద పెట్టకపోతే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉన్న గదుల్లో కూడా బొమ్మ రాదు. ఒక మాట: రెండు వేర్వేరు కంపెనీల బాక్సులకు ఈ ఏర్పాటు సాధారణంగా పనికిరాదు, ఎందుకంటే చాలా కంపెనీలు వేర్వేరు ఉపగ్రహాలను వాడతాయి.

లైను పొడవు వల్ల సిగ్నల్ పోతోందని, మధ్యలో యాంప్లిఫైయర్ పెట్టమని అడిగేవారున్నారు. చాలా పొడవైన లైనుకు అది ఉపయోగమే. కానీ డిష్ పట్టని సిగ్నల్‌ను యాంప్లిఫైయర్ పుట్టించలేదు, ఉన్న సిగ్నల్‌తో పాటు రొదను కూడా పెంచి పంపుతుంది. బాక్సు మెనూలో బలం, నాణ్యత అని రెండు పట్టీలు కనిపిస్తాయి కదా, వాటిలో చూడవలసింది నాణ్యతనే. బలం నిండుగా ఉండి నాణ్యత తక్కువగా ఉంటే లోపం ఇంటి లోపల కాదు, డాబా మీద వెతకాలి.

డాబా మీద మొదట మేము చూసేది డిష్ గొట్టం నిటారుగా ఉందా లేదా అన్నది. 60 సెంటీమీటర్ల డిష్‌కు రెండు డిగ్రీల పక్కచూపు చాలు, సిగ్నల్ పావు వంతుకు పడిపోవడానికి. తుపాను గాలికి గొట్టం అంత మాత్రం వంగితే కంటికి తెలియదు, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున టీవీ కూడా మామూలుగానే వస్తుంది, చినుకు పెద్దదైతే మాత్రం బొమ్మ పోతుంది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసిన ప్రాంతం మనది కాబట్టి, గొట్టాన్ని పిట్టగోడకు రెండు చోట్ల బిగించడం, ఏటా బోల్టులు సరిచూడడం అవసరమని మా అభిప్రాయం. పూసపాటిరేగ, భోగాపురం తీర గ్రామాల్లో ఉప్పుగాలికి కనెక్టర్లు తొందరగా తుప్పు పడతాయి. అక్కడ పైన ఉండే ప్రతి కనెక్టర్‌కూ నీరు చొరబడని టేపు చుట్టి, కేబుల్‌ను కొద్దిగా కిందికి వేలాడేలా వంచి వదులుతాము.

పక్కింటి కొబ్బరిచెట్టు మీద నేరం మోపేవారికి ఒక లెక్క చెప్పాలి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన విజయనగరం నుంచి చూస్తే అది దక్షిణానికి 30 డిగ్రీలు తూర్పుగా, నేల నుంచి సుమారు 66 డిగ్రీల ఎత్తులో, అంటే దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. పది మీటర్ల దూరంలో ఉన్న చెట్టు దానికి అడ్డం రావాలంటే మీ డిష్ కన్నా 22 మీటర్లు ఎత్తు ఉండాలి. డాబా మీద పెట్టిన డిష్‌కు అంత కొబ్బరిచెట్టు ఎక్కడుంది? అడ్డం వచ్చేవి సాధారణంగా మీ ఇంటివే: మెట్ల గది గోడ, నీళ్ల ట్యాంకు, డిష్ మీదికి వంగిన మామిడికొమ్మ.

ఇక ఖర్చు సంగతి. ఎల్‌ఎన్‌బీ, కేబుల్, కనెక్టర్ల ధర బిల్లులో విడివిడిగా రాస్తాము, కూలి వేరే పంక్తిలో ఉంటుంది. పాత కేబుల్ బాగుంటే అదే వాడుతాము, మార్చమని ఒత్తిడి చేయము. రెండో టీవీ ఏడాదికి ఒకసారి, సిరిమాను పండుగకు బంధువులు వచ్చినప్పుడు మాత్రమే వాడే ఇంటికి రెండో లైను వేయించుకోమని మేము చెప్పము. ఇంటర్నెట్ ఉన్నవారికి ఆ గదిలో ఫోను ద్వారా చూసుకోవడమే చవక. ఈ సలహా మా వ్యాపారానికి మంచిది కాదని మా ఇంట్లోవాళ్లే అంటున్నారు, అయినా సలహా అదే.

మమ్మల్ని పిలిచే ముందు మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఒక బాక్సును మాత్రం ఉంచి మిగిలిన బాక్సుల ప్లగ్గులు గోడ నుంచి తీసేయండి. రిమోట్‌తో ఆపితే చాలదు, కొన్ని బాక్సులు అప్పుడు కూడా వోల్టేజీ పంపుతూనే ఉంటాయి. ఒంటరిగా ఉన్న బాక్సు బాగా పనిచేస్తే తప్పు స్ప్లిటర్‌ది. అన్ని బాక్సులూ ఒకే రకంగా ఇబ్బంది పడితే తప్పు డిష్‌దో ఎల్‌ఎన్‌బీదో. ఒక్క గదిలోనే పోతుంటే ఆ గది లైనులోనో కనెక్టర్‌లోనో ఉంది. కేబుల్ ఊడదీసేటప్పుడు బాక్సు ప్లగ్ తప్పనిసరిగా తీసి ఉండాలి, మధ్య తీగ బయటి జాలీకి తగిలితే బాక్సు చెడిపోవచ్చు. ఫోనులో ఈ ఫలితంతో పాటు బాక్సులెన్ని, ఏ కంపెనీవి అన్నది చెబితే మా మనిషి తగిన సామానుతో ఒక్కసారికే వస్తాడు.

వాన పడుతున్నప్పుడు, ఉరుములున్నప్పుడు డాబా ఎక్కము. మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మొదటి రోజుల వరకూ పగటిపూట కొన్ని నిమిషాలు సిగ్నల్ పోయి దానంతట అదే వస్తే, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడమే దానికి కారణం. ఆ రోజుల్లో అదే వేళకు వరుసగా జరుగుతుంటే మనిషిని పంపము, డబ్బూ తీసుకోము.