కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

కోతపడి లోతుకు దిగిపోయిన మన వాగును బాగుచేసే పనంతా ఈ ఏడాది ఎగువన, బాగా కోతపడ్డ మలుపు దగ్గరే సాగింది. కొయ్య గుంజలు వరసగా దిగ్గొట్టి, వాటి మధ్య విల్లో చెట్ల కొమ్మలు తడికలా అల్లి, ఎగువ వైపు మట్టి, రాళ్లు, గడ్డిపెళ్లలు కూరి అంచెలంచెలుగా అడ్డుకట్టలు వేశాం. వసంతంలో మంచు కరిగి వచ్చిన వరదకు రెండో కట్ట పక్కన గండి పడింది. డబ్బు నీళ్లపాలైందని కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. కానీ అక్కడ ఒడ్డు కోసుకుని కొట్టుకొచ్చిన మట్టి కింది కట్ట వెనకే మేట వేసింది. లోతుకు దిగిపోయిన వాగు అడుగు పైకి లేవాలంటే కావలసింది ఆ ఒండ్రే.

అన్నిటికన్నా సంతోషమైన సంగతి శరదృతువులో జరిగింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే మూడో కట్ట మీద మేం వేయని తడిమట్టి కనిపించింది. బెరడు ఒలిచిన తెల్లటి కొమ్మలు, వాటి చివర ఉలితో చెక్కినట్టు పంటి గాట్లు! మేం ఎన్నిసార్లు కూరినా ఆగని కారుడును బీవర్లు, అంటే పళ్లతో చెట్లు కొరికి వాగులకు కట్టలు కట్టే జంతువులు, ఒక్క రాత్రిలో పూడ్చేశాయి. ఇప్పుడు అక్కడ నీరు, వాగు లోతుకు దిగకముందు వరద పారిన పాత బయలులోకి పాకుతోంది. ఆ కట్టను ఇకపై మనం ముట్టుకోనవసరం లేదు.

ఈ కట్టలు వేయడానికి అధికారుల అనుమతి మాత్రం చాలా ఆలస్యమైంది. చేపలు కట్టలు దాటలేవన్న ఒకే అభ్యంతరానికి మూడుసార్లు జవాబు రాశాం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో బ్రిడ్జ్ క్రీక్ అనే వాగులో ఇలాంటి కట్టలు వేశాక, సముద్రానికి వలసపోయే స్టీల్‌హెడ్ చేపల పిల్లల సంఖ్య పెరిగిందనీ, వలసకు ఆటంకం కలగలేదనీ 2016లోనే పరిశోధన వెలువడింది. ఆ ప్రతిని జతచేసినా చదివిన జాడ లేదు. ఇక పేర్లిచ్చి పనిరోజున కనబడని సభ్యులకు ఒక మాట: గుంజ పట్టుకోవడానికొకరు, కొట్టడానికొకరు లేకపోతే పని సాగదు. ఆ రోజుల్లో వచ్చిన నలుగురైదుగురే చీకటిపడేదాకా నీళ్లలో నిలబడ్డారు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. లోటు లేదు.

కొమ్మలు కొట్టుకోనిచ్చిన పొరుగు రైతుకు, గుంజలు దిగ్గొట్టే యంత్రం అరువిచ్చిన సభ్యుడికి, బురదబట్టలతోనే మట్టి మోసిన విద్యార్థులకు, ప్రతి వారం నీటిమట్టం రాసిపెట్టిన పెద్దాయనకు సంఘం తరఫున ధన్యవాదాలు.

రెండో కట్ట గండి పూడ్చడానికి గుంజలు షెడ్డులో సిద్ధంగా ఉన్నాయి. సమావేశం ముగిశాక పేర్లు రాసుకుంటాను.

ఇట్లు,
కార్యదర్శి