అది ఆక్సిజన్ సిలిండర్ కాదు

సంపాదకులకు,

చలికాలం సెలవులు దగ్గర పడగానే రుషికొండ, అండమాన్ స్కూబా డైవింగ్ గురించి పత్రికల్లో కథనాలు మొదలవుతాయి. సముద్రం లోపల ఏముందో చూడాలన్న ఆశ మనవాళ్లలో పెరగడం మాకెంతో సంతోషం. అయితే ఆ కథనాల్లో తరచూ 'వీపున ఆక్సిజన్ సిలిండర్ తగిలించుకుని' అని రాస్తున్నారు. ఆ సిలిండర్‌లో ఉండేది మామూలు గాలి. తేమ, దుమ్ము లేకుండా వడకట్టి, 200 బార్ ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో నింపుతారు. ఆక్సిజన్ అందులో 21 శాతమే. అచ్చమైన ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటి దిగితే అదే విషమై మూర్ఛ తెప్పించవచ్చు. దయచేసి ఇకపై 'గాలి సిలిండర్' అని రాయించండి.

ఆ గాలి ఎంతసేపు వస్తుందో లెక్క సులువే. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ అంటే 2,200 లీటర్ల గాలి. 50 బార్ మిగిలి ఉండగానే పైకి చేరాలి కాబట్టి వాడుకోదగ్గది 1,650 లీటర్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి పది మీటర్ల లోతులో 40 లీటర్లు కావాలి, ఎందుకంటే అక్కడ ఒత్తిడి రెట్టింపు. అంటే దాదాపు 40 నిమిషాలు. కంగారుతో రొప్పేవారికి అందులో సగమే. తొందర పడకుండా, నిండుగా పీల్చి నిదానంగా వదలాలి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగపట్టకూడదు. పది మీటర్ల దగ్గర ఛాతీలో ఆపుకున్న గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు.

మొదటిసారి దిగేవారిని ఎక్కువగా వెనక్కి పంపేది చెవులు. నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి గట్టిగా ఊదితే లాభం లేదు. నీళ్లలోకి దిగిన మొదటి మీటరు నుంచే, ప్రతి అర మీటరుకూ ఒకసారి, ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి. అయినా పట్టేస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు ఉంటే ఆ రోజుకి మానుకోవడమే మంచిది. మాస్క్‌లోకి నీళ్లు వస్తున్నాయంటే చాలాసార్లు దాని అంచు కింద వెంట్రుకో మీసమో ఇరుక్కుందన్నమాట. ఇంకో సంగతి, బొటనవేలు పైకెత్తితే నీటిలో 'బాగుంది' అని కాదు, 'పైకి తీసుకెళ్లు' అని అర్థం. సంతోషంతో వేలెత్తి, డైవ్ మధ్యలోనే ఒడ్డు చేరేవారు తక్కువేం కాదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నామంటే, ఊపిరి కుదురుకున్నాకే చేపలు కనబడతాయి. కాళ్లు కొట్టడం ఆపి రెండు నిమిషాలు ఒకే రాయి దగ్గర తేలుతూ ఉండండి. అంతవరకు రాయి అనుకున్నది ఆక్టోపస్ అయి, కళ్లముందే రంగు మార్చుకుంటుంది. సందులోంచి మోరే ఈల్ అనే పాములాంటి చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. అది బెదిరింపు కాదు, మొప్పల మీదుగా నీళ్లు పోనిచ్చి ఊపిరి తీసుకోవడం. అండమాన్ పగడపు దిబ్బల్లో వేలెడంత క్లీనర్ చేప, తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద చేప నోట్లోకి దూరి పళ్లు శుభ్రం చేసి బయటికొస్తుంది. సీ అనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవిలో కాపురముండే క్లౌన్ ఫిష్ గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చనిపోతే పెద్ద మగచేప ఆడదిగా మారుతుంది. అయిదారు మీటర్లు దాటితే ఎరుపు రంగు మాయమవుతుంది. లయన్ ఫిష్ మసక గోధుమ రంగులో వేలాడుతుంటుంది. టార్చి వేయగానే దాని ఎర్రటి చారలు ఒక్కసారిగా వెలుగుతాయి. ఈ ఒక్క దృశ్యం కోసమైనా చిన్న టార్చి పట్టుకెళ్లమంటాం.

లయన్ ఫిష్‌ని తాకొద్దు. వీపు ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ భాగాన్ని అరగంట నుంచి గంటన్నర ఉంచి, వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. తాబేలు వెంట పడకండి, అది గాలి కోసం పైకి రావాల్సిన ప్రాణి. బ్రెడ్డు ముక్కలు వేసి చేపల్ని పోగేసి ఫొటో తీయించేవారిని ప్రోత్సహించకండి. పగడపు ముక్క విరిచి జేబులో వేసుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గుండ్రాయిలా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే ఎదుగుతుంది, కాలికి తొడుక్కునే ఫిన్ ఒక్క దెబ్బకి ఏళ్ల పెరుగుదల పోతుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త పర్యాటక కథనాల్లో కనబడదు. డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. ఈలోగా ఎత్తుకు వెళ్తే చుట్టూ ఒత్తిడి తగ్గి అది ఒంట్లోనే బుడగలు కట్టవచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా కొన్నాళ్లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. కొండ ఎక్కడానికీ ఇదే సూత్రం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. పొద్దున్న రుషికొండలో దిగి మధ్యాహ్నం ఘాట్ రోడ్డు ఎక్కే ప్రయాణం కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, అంతకన్నా పెద్ద ప్రమాదం తేవచ్చు. విశాఖ యాత్ర గురించి రాసే ప్రతిసారీ అరకు ముందు, డైవింగ్ తర్వాత అని ఒక్క వాక్యం చేర్చమని మా విన్నపం.

– స్కూబా శిక్షకులు, విశాఖపట్నం