రన్‌వే చివర ఖాళీ నేల ఉంచండి, మంత్రి గారూ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. బెంగళూరు యలహంకలో ఉంటున్న తెలుగువాడిని. చిన్న విమానాల ఇంజన్లు బాగుచేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపి రిటైరయ్యాను. ఢిల్లీకి వెళ్లే అర్జీ ఇంగ్లీషులోనే ఉండాలంటారు గానీ, మీరు శ్రీకాకుళం వారు కాబట్టి చనువు తీసుకుని మన భాషలోనే రాస్తున్నాను.

పొలాలపై మందు చల్లే విమానాలు మన దేశంలోనే తయారయ్యేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఇక్కడి ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ 1970లలో ‘బసంత్’ను తయారుచేసింది. 400 అశ్వశక్తుల ఒంటి ఇంజను, ఒక్కడే పైలట్, అతని ముందు మందు తొట్టి. 39 తయారయ్యాక ఆ కథ ముగిసింది.

అలాంటి విమానానికి అసలు గండం నేల విడిచిన తొలి నిమిషంలోనే. తొట్టి నిండుగా ఉంటుంది, ముక్కు పైకెత్తి ఎక్కుతుంటుంది. అప్పుడు ఇంజను ఆగితే కొద్ది సెకన్లలోనే వేగం పడిపోతుంది. పైలట్ ముందు ముక్కు దించాలి. మీట లాగి తొట్టిలోని మందంతా వదిలేయాలి. ఆ బరువు జారగానే ముక్కు మళ్లీ పైకి లేవబోతుంది, దాన్ని అదిమి పట్టాలి. ఇదంతా తాటిచెట్టుకు కాస్త పైన, గాలిలో. వెనక్కి తిరిగి రన్‌వే మీదే దిగుదామని చెయ్యి లాగుతుంది చూడండి, ప్రాణం తీసేది అదే. విమానాన్ని 45 డిగ్రీలు పక్కకు వంచి తిప్పితే, గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది. ఉన్నదే చాలని చోట ఆ అదనం ఎక్కడ దొరుకుతుంది? అందుకే శిక్షణలో నూరిపోసేది ఒకటే: ఎదురుగా ఉన్న నేల మీదే దిగు.

ఆ నేల ఉండాలి కదా! చెరకు తోటో, దున్నిన చేనో అయితే విమానం విరిగినా మనిషి బతికే వీలుంటుంది. మా పక్కనే జక్కూరు విమానాశ్రయం ఉంది. అక్కడి ప్రభుత్వ వైమానిక శిక్షణ పాఠశాల 1940ల చివరి నాటిది. అక్కడివి శిక్షణ విమానాలే, మందు చల్లేవి కావు. అయినా ఒంటి ఇంజనుకు వచ్చే గండం మారదు. ఒక పక్క బళ్లారి రోడ్డు మీది ఫ్లైఓవర్, చుట్టూ అపార్టుమెంట్లు. పైగా ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 34 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, విమానానికి 1,800 మీటర్ల ఎత్తులోని గాలితో సమానం. ఇంజను బలం తగ్గుతుంది, నేల విడవడానికి రన్‌వే మీద పరుగెత్తాల్సిన దూరం పెరుగుతుంది.

మెకానిక్కులు చేయగలిగింది చేస్తూనే ఉంటారు. రోజూ ఉదయం ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు. నీలం రంగు పెట్రోలు కింద తెల్లటి నీటి చుక్క దొర్లుతుంటే, అది పోయేదాకా వంచి పారబోయాల్సిందే. ఎంత చూసినా ఏదో ఒక రోజు ఇంజను ఆగుతుంది. ఆ రోజుకు నేల సిద్ధంగా ఉంచడం మీ చేతిలోని పని.

2015 నాటి ఎత్తు పరిమితుల నిబంధనలు విమానాశ్రయాల చుట్టూ భవనం ఎంత ఎత్తు వరకు ఉండవచ్చో చెబుతాయి. కానీ పరిమితికి లోబడిన మూడంతస్తుల ఇల్లు కూడా ఇంజను ఆగిన పైలట్‌కు గోడే. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎగిరిన కొద్ది సెకన్లకే విమానం వైద్య విద్యార్థుల హాస్టల్‌పై పడింది. కారణాలు వేరు కావచ్చు, పడిన చోటు మాత్రం ఇళ్ల మధ్యే.

డ్రోన్లు వచ్చాక ఈ గొడవెందుకని అధికారులు మీతో అనవచ్చు. చిన్న కమతాలకు డ్రోనే మేలు, కాదనను. కానీ 2020లో మిడతల దండు వచ్చినప్పుడు రాజస్థాన్‌లో మనిషి నడిపే హెలికాప్టర్‌తోనూ మందు చల్లించారు.

కర్ణాటక ప్రభుత్వంతో మాట్లాడి, జక్కూరు రన్‌వే రెండు చివర్ల ఎదుట మిగిలిన ఖాళీ స్థలంలో కొత్త కట్టడాలు రాకుండా ఆపించండి. మందు చల్లే విమానాలకు ఎక్కడ అనుమతిచ్చినా, రన్‌వే దాటిన నేలను అధికారులు స్వయంగా నడిచి చూసి సంతకం చేసేలా షరతు పెట్టండి. తొట్టి ఖాళీచేసే మీటను ప్రతి సీజనుకు ముందు నీళ్లు నింపి పరీక్షించాలని కూడా అందులో రాయించండి.

ఇట్లు,
యలహంక నుంచి ఒక రిటైర్డ్ విమాన మెకానిక్