పరిశ్రమల మంత్రి గారికి: పెట్టుబడితో పాటు పనితనం కూడా రాయించండి

తెలంగాణ పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ బాలానగర్‌లో సీఎన్‌సీ మెషిన్ల (కంప్యూటర్ నడిపే లోహపు కోత యంత్రాలు) మీద జాబ్ వర్క్, అంటే ఇతర కంపెనీల ఆర్డర్ మీద పార్టులు చేసే చిన్న షాపు మాది. ఒక విదేశీ కంపెనీ ఇక్కడి పెద్ద సంస్థతో చేయి కలిపిందంటే చాలు, పెట్టుబడి ఎంత, ఉద్యోగాలెన్ని అని పేపర్లలో పెద్దక్షరాలతో వస్తుంది. పదేళ్లు తిరిగేసరికి ఇక్కడివాళ్లకు కొత్తగా ఏ పని చేతనవుతుందని మాత్రం ఎవరూ అడగరు. సంతకాలు కాకముందే ఆ మాట ప్రభుత్వం అడగాలి.

హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలో టాటా, అమెరికా కంపెనీ లాక్‌హీడ్ మార్టిన్ కలిసి సీ-130జే సైనిక రవాణా విమానం తోక భాగాలు చేస్తున్నాయి. అపాచీ హెలికాప్టర్ బాడీల కోసం టాటా, బోయింగ్ పెట్టిన ఫ్యాక్టరీ 2018లో మొదలైంది. గర్వపడాల్సిన విషయాలే. అయితే ఈ రంగంలో ఏ కంపెనీ పని తీసుకున్నా, కింది వరుసలో ఉన్న మాలాంటి షాపుల దాకా వచ్చేది డ్రాయింగు, మెటీరియల్ వివరం, డెలివరీ తేదీ. పని ఎలా చేస్తే కుదురుతుందో డ్రాయింగులో ఉండదు.

పల్చటి గోడలున్న అల్యూమినియం పార్టు సంగతే చూడండి. మెషిన్ మీద ఉన్నంతసేపూ కొలతలు కరెక్టుగా ఉంటాయి, క్లాంప్ (పార్టును బిగించి పట్టే సాధనం) వదలగానే వంకర పోతుంది. మా షాపులో అలా రిజెక్టయిన ముక్కలు పేరుకుపోతుంటే, ఆడిట్‌కి వచ్చిన ఒక కస్టమర్ ఇంజినీరు మెషిన్ పక్కన నిలబడి కిటుకు చెప్పారు. రఫింగ్‌లో, అంటే మొదటి ముతక కోతలో, కొంత మెటీరియల్ మిగల్చాలి. క్లాంప్ వదిలి, పార్టు ఎంత వంగాలో అంత వంగనివ్వాలి. తర్వాత అడుగు భాగం మళ్లీ చదును చేసి, ఎక్కువ బిగించకుండా తేలిగ్గా పట్టి ఫినిషింగ్ (చివరి సన్న కోత) చేయాలి. ఇదంతా చెప్పడానికి ఆయనకు గంట కూడా పట్టలేదు. అది ఆయన డ్యూటీ కాదు, మంచి మనసుతో చెప్పారు. మంచి మనసున్న ఆడిటర్ రాకపోతే మా గతేంటి?

మారుతి కార్ల విషయంలో ఇలా నేర్పడాన్ని అదృష్టానికి వదిలేయలేదు. 1982లో సుజుకితో ఒప్పందమైంది. విడిభాగాలు దశలవారీగా ఇక్కడే తయారవ్వాలని ప్రభుత్వం షరతు పెట్టింది. దాంతో మారుతి తానే కొన్ని విడిభాగాల కంపెనీల్లో వాటా పెట్టి, వాటికి జపాన్ కంపెనీలతో పొత్తులు కుదిర్చింది. సరఫరాదారుడికి పని చేతకాకపోతే కారు బయటికి రాదు కాబట్టి నేర్పక తప్పలేదు. హీరో హోండా దారి వేరు. 1984లో జట్టు కట్టి కోట్ల బళ్లు అమ్మారు, ఇంజిన్ డిజైన్ మాత్రం హోండా చేతిలోనే ఉండిపోయింది. 2010 చివర్లో విడిపోతున్నామని ప్రకటించాక హీరో సొంత పరిశోధన మీద గట్టిగా పడాల్సి వచ్చింది. జైపూర్‌లో పెద్ద ఆర్ అండ్ డీ కేంద్రం 2016కి గానీ తెరవలేదు. పాతికేళ్ల కాపురంలో లాభాలకు లోటు లేదు, నేర్చుకోవడమే వెనకబడింది.

మన బాలానగర్ కూడా ఇలా నేర్చుకునే ఎదిగింది. ఇక్కడి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో వచ్చింది. ఇక్కడ టూల్ రూముల్లో (అచ్చులు, పనిముట్లు చేసే షాపులు) పనిచేస్తున్న ఎంతోమంది అక్కడ పని నేర్చుకున్నవాళ్లే.

రక్షణ డ్రాయింగుల మీద విదేశీ కంపెనీల దేశపు చట్టాలు ఉంటాయని పెద్ద కంపెనీలు అంటాయి. నిజమే, డిజైన్ అడగడం లేదు. క్లాంప్ ఎలా పట్టాలన్నలాంటి, ఏ పార్టుకైనా పనికొచ్చే మామూలు పనితనం నేర్పమంటున్నాం. ఇంకో మాట, మాలో మాకూ పక్క షెడ్డువాడికి కిటుకు చెప్పే అలవాటు లేదు. కాబట్టి నేర్పేది ఒక్క షాపులో కాకుండా టూల్ డిజైన్ సంస్థలో, అందరి ముందూ జరగాలి.

అందుకే భూమి, కరెంటు, పన్ను రాయితీల్లో కొంత భాగాన్ని దీనికి ముడిపెట్టండి. ఏడాదికి ఇన్ని రోజులు ఆ కంపెనీ ప్రాసెస్ ఇంజినీర్లు (తయారీ పద్ధతి చూసేవాళ్లు) చిన్న షాపుల వాళ్లకు మెషిన్ల మీద నేర్పాలి, మా కుర్రాళ్లలో ఇంతమందిని ఆ కంపెనీ ప్లాంటులో కొన్ని నెలలు ఉంచుకోవాలి అని ఒప్పందంలో అంకెలతో రాయించండి. జరగని ఏడాది ఆ మేరకు రాయితీ ఆపండి. తర్వాతి ఏరోస్పేస్ ఒప్పందం ముసాయిదా దశలో ఉన్నప్పుడే బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల షాపుల వాళ్లను ఒక పూట పిలిచి మాట్లాడండి. ఏమేం నేర్పించాలో జాబితా పట్టుకుని వస్తాం.

ఇట్లు,
బాలానగర్ నుంచి ఒక జాబ్ వర్క్ షాపు యజమాని